ఆపరేషన్ తామర పురుగు

హత్య పట్టపగలే జరిగింది. ఫిజీ రాజధాని సూవా చివర ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో, అద్దాల గదిలో, తలుపుకి తాళం వేసి ఉండగానే జరిగింది. హతులంతా నల్లగా, సన్నగా, దారపు పోగులు తెంచి పడేసినట్టున్నారు. ఒక్కరు కూడా మిగల్లేదు. వల పంజరాల అడుగున ఉత్త తొక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. హంతకులు పారిపోలేదు సరికదా, ఆకుల మీద పొట్టలు నింపుకుని పెళ్లివారిలా తిరుగుతున్నారు.

హతులు తామర పురుగులు. హంతకులు ఒక రకం నల్లులు.

మన గుంటూరు మిరప రైతు ఈ వార్త వింటే వీధిలో టపాకాయలు కాలుస్తాడు. కానీ ఫిజీలో ఉన్న ఈ జాతి తామర పురుగు వేరు. ఇది కోస్టర్ శాపం అనే పొదని తప్ప మరో మొక్కని ముట్టదు. పరాయి దేశం నుంచి వచ్చిన ఆ నూగాకు పొద ఒకప్పుడు కొండలకి కొండల్నే మింగేసింది. నరికితే రెట్టింపయ్యేది, కాలిస్తే నవ్వేది. చివరికి తాతల కాలంలో దాని పుట్టింటి నుంచే దాని శత్రువుని పట్టుకొచ్చి వదిలారు. పురుగు చిగుళ్లని మెలిపెట్టి రసం పీల్చింది, పొద గిడసబారిపోయింది. అప్పట్నుంచి జీతం, సెలవు, పింఛను అడగకుండా పనిచేస్తున్న ఒకే ఒక్క ప్రభుత్వోద్యోగి ఆ పురుగు. మిగతా ఉద్యోగుల గురించి ఏజెంట్ వైసాలేకి గొప్ప అభిప్రాయమేమీ లేదు. వాళ్లలో మొదటివాడు అతని డైరెక్టర్ గౌండర్.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎంతోకాలం కాలేదు. స్వతంత్ర దేశమన్నాక ఒక గూఢచారి శాఖ ఉండాలి కదా అని పెట్టారు. ఎరువుల గోదాం వెనక గది ఇచ్చారు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు, గదికి ఫ్యాను లేదు గానీ కోడ్ మాటలు మాత్రం నెలనెలా మారేవి.

"ఈ ఏడు కొబ్బరి ఎలా కాసింది?" అన్నాడు గౌండర్, వైసాలే లోపలికి రాగానే.

"సార్, నేను వైసాలేని. పొద్దున మీకు రొట్టె కూడా నేనే తెచ్చాను."

"కోడ్!"

"నీళ్లెక్కువ, గుజ్జు తక్కువ."

"కూర్చో." గౌండర్ గొంతు తగ్గించాడు. వినేవాడెవడూ లేడు, ఎరువు బస్తాలు తప్ప. "ఇది డ్రేజ్ ముఠా పని. వాడి కంపెనీ కలుపు మందు అమ్ముతుంది. నిరుడు మనకి అమ్మబోతే, మాకు పురుగుంది, మందెందుకని మినిస్ట్రీ పొమ్మంది. ఇప్పుడా పురుగునే లేపేస్తున్నారు. అద్దాల గదిలో చేసింది ఉత్త ట్రయల్. అసలు పెట్టె వేరే ఉంది. అది అడవిలో తెరిచారా, ఇక ఆ నల్లుల్ని వెనక్కి పిలవడం దేవుడి వల్ల కూడా కాదు. పొద మళ్లీ లేస్తుంది. అప్పుడు వాడి మందు కొనాలి. ప్రతి ఏడూ కొనాలి."

"పెట్టె ఎక్కడ తెరుస్తారు?"

"వాళ్ల వైర్‌లెస్ మెసేజ్ ఒకటి పట్టాం. 'శనివారం, పెద్ద లోయ.' అంతే ఉంది. దాని అర్థం డాక్టర్ కెలేరా చెబుతుంది."

డాక్టర్ కెలేరా అప్పుడే లోపలికి వచ్చింది. కీటక శాస్త్రంలో విదేశీ పట్టా ఉంది. ఎర్ర గౌను వేసుకుని ఎర్ర మందారం పెట్టుకుంది. ఫిజీలో ఆడది పువ్వు ఒక చెవిన పెడితే పెళ్లయిందని, రెండో చెవిన పెడితే కాలేదని అర్థం. కెలేరా పువ్వు గౌండర్ వైపు తిరిగినప్పుడు ఒక చెవిన, వైసాలే వైపు తిరిగినప్పుడు మరో చెవిన ఉంటుందని ఆఫీసులో చెప్పుకునేవారు.

"పెద్ద లోయంటే ఉత్తర ద్వీపంలోదే," అందామె. "ఓడలో వెళ్లండి. ఇంతకీ మీదే ఊరు, ఏజెంట్ వైసాలే?"

"లావు దీవులు."

"అయితే ఓడలు మీకు కొత్త కాదు."

"ఓడ నాకు కొత్త కాదు గానీ, నేనెక్కితే ఓడకే వాంతులవుతాయి."

కెలేరా పగలబడి నవ్వింది. వైసాలే ఆ క్షణాన్నే ఆమెని అనుమానించాడు. తన జోకులకి ఇంతవరకు ఎవరూ నవ్వలేదు. పైగా, అంతమంది తన పురుగులు చచ్చిపడి ఉంటే, ఆ శాస్త్రవేత్త ముఖంలో కర్మకి వచ్చిన చుట్టం పాటి విచారమైనా లేదు. తాళం పగలకుండా హత్య జరిగిందంటే తాళంచెవి ఉన్నవాళ్ల పనే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికే చేతకానప్పుడు గౌండర్‌కి చేతవుతుందా?

వైసాలేకి ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ పురుగు దట్టంగా ఉన్న చోటు ఉత్తర ద్వీపంలో లేదు. అది ఈ ద్వీపం నడిబొడ్డున, ఎప్పుడూ వాన కురిసే వైలోటు లోయలో ఉంది. అక్కడ వదిలిన నల్లి గాలివాటున నాలుగు దిక్కులకీ పోతుంది. వైలోటు అతని తల్లి పుట్టిన ఊరు. పొద రాజ్యమేలిన రోజుల్లో అమ్మమ్మ దాన్ని వేళ్లతో పెకలించి పెకలించి, ముసలితనంలో పిడికిలి ముడవలేకపోయింది. చేమ తోటలన్నీ పొద కిందకి పోయి, ఊరు ఊరంతా మూటలు కట్టుకుని బయల్దేరబోయిన ఏడాదే పురుగు వచ్చింది. ఆ తోటల్లో కాసిన చేమదుంపలు తినే వైసాలే పెరిగాడు. ఇప్పుడు ఎవడో చెమట తుడుచుకునే వ్యాపారి, డబ్బాల్లో మందు అమ్ముకోవడానికి, ఆ ఊరిని మళ్లీ మూట కట్టిస్తాడట. వైసాలేకి భయమేసింది. భయం కంటే ఎక్కువగా అసహ్యమేసింది.

మర్నాడు రేవులో కెలేరా చెయ్యి ఊపుతుండగా అతను ఉత్తరపు ఓడ ఎక్కాడు. ఓడ రెండో పక్క నుంచి సరుకుల పడవలోకి దిగి, అరటి గెలల మీద కూర్చుని ఒడ్డుకి వచ్చి, బస్సెక్కాడు.

శాఖ అతనికి ఒక మారువేషం, ఒక పరికరం ఇచ్చింది. మారువేషం ఊరూరా తిరిగే ప్రబోధకుడిది. నల్లకోటు, నడుముకి సులు గుడ్డ, మేకని గొరిగి చేసినట్టున్న గడ్డం. పరికరమేమో చేపల డబ్బాలో అమర్చిన వైర్‌లెస్.

శనివారం పొద్దున ఏటి పడవ దిగి వైలోటులో కాలు పెట్టీ పెట్టగానే మేనమామ తెవిటా ఎదురొచ్చాడు. ఎగాదిగా చూశాడు.

"ఒరే అల్లుడూ, ఆ మూతికేమైందిరా?"

"నేను మీ అల్లుణ్ణి కానయ్యా. దైవ సేవకుణ్ణి."

"ఆ చేటంత చెవులు మా చెల్లెలివి. దేవుడికి కూడా అలాంటివి లేవు." వెనక్కి తిరిగి కేకేశాడు. "దొంగ వచ్చాడర్రా! కోళ్లు కమ్మండి!"

ఊరంతా ఘొల్లుమంది. మేనల్లుణ్ణి అక్కడ వసు అంటారు. తల్లి పుట్టిన ఊళ్లో వసు కంటికి నచ్చింది ఏదైనా తీసుకోవచ్చు. పంది, పడవ, చాప, ఏదైనా సరే. చెయ్యి వేసి నాదంటే అతనిదే. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు, ఊరి పెద్దకి కూడా లేదు. కాలేజీలో చేరిన ఏడాది వైసాలే మామయ్య పందిని తోలుకుపోయాడు. ఆ పంది పేరు ఊరు ఇంకా మర్చిపోలేదు.

వైసాలే మామయ్యని ఇంటి వెనక్కి లాక్కెళ్లి సంగతి చెప్పాడు. నల్లులన్నాడు, ముఠా అన్నాడు, పెట్టె అన్నాడు. "నేనెవరో తెలియనట్టుండు మామా. ఊరందరికీ అదే చెప్పు. ఈరోజు ఇక్కడికి కొత్తవాళ్లెవరన్నా వస్తున్నారా?"

"ఒక తెల్లదొర వస్తున్నాడు. చర్చికి ఏదో కానుకిస్తాడట. మంచివాడురా. ఇవాళ మ్యాచ్ ఉందని కూడా వాడికి తెలుసు."

మ్యాచంటే రగ్బీ. సూవాలో ఆ మధ్యాహ్నమే ఫిజీ జట్టుకీ, టూరుకి వచ్చిన విదేశీ జట్టుకీ పోటీ. లోయలో ఒకే ఒక్క రేడియో ఉండేది, వానాకాలంలో అది కూడా చచ్చింది. ఊళ్లో చావు జరిగినంత దుఃఖంగా ఉంది.

వైసాలే గౌండర్‌కి కబురు పెడదామని వంటింట్లోకి వెళ్లేసరికి సేరా అత్తయ్య చేపల డబ్బాని కత్తితో కోసేసి, లోపలికి చూస్తూ కూర్చుని ఉంది.

"ఏం చేపలు రా ఇవి? అన్నీ తీగలే."

శాఖతో అతని సంబంధం అలా తెగిపోయింది. తెగినందుకు అతను పెద్దగా బాధపడలేదు.

మధ్యాహ్నానికి అతిథులు వచ్చారు. ముందు డ్రేజ్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. ఊళ్లోకి టోపీతో నడిచొచ్చాడు. టోపీతో రావడం అక్కడ మర్యాద కాదు. వెనకనున్న మనిషి చటుక్కున దాన్ని లాగేసింది. ఆ మనిషి కెలేరా. ఎర్ర గౌను లేదు, పొందికగా కట్టిన సులు, చేతిలో తాటాకు విసనకర్ర. పువ్వు మాత్రం పెళ్లయిన చెవిన ఉంది. ఆమె వెనక ఇద్దరు పడవవాళ్లు గుడ్డ కప్పిన పెద్ద పెట్టె మోసుకొస్తున్నారు.

సభా మంటపంలో ఊరి పెద్ద రాతు ఎపెలీ చాప మీద కూర్చున్నాడు. గుమ్మం వైపున్నది తక్కువ చోటు. పరాయి ఊరివాళ్లు అక్కడ కూర్చుని, అడిగితేనే నోరు తెరవాలి. ప్రబోధకుడు అక్కడే కూర్చున్నాడు. ఊరివాళ్లు అతన్ని చూడకుండా ఉండడానికి పడుతున్న పాట్లు చూస్తే గుడ్డివాడికైనా అనుమానం వస్తుంది. కానీ డ్రేజ్ ఊరివాళ్లని చూడనే లేదు. ఇలాంటివాళ్లు మనుషుల్ని చూడరు, వాళ్ల వెనకున్న భూమిని చూస్తారు.

కెలేరా సంప్రదాయం తప్పకుండా నడిపించింది. దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేరు మోపు ముందు పెట్టి, పెద్దల భాషలో పొల్లుపోకుండా ప్రసంగం చేసి, గుడ్డ తీయించింది. లోపల పీటంత ఎత్తున, మెరుగు పెట్టిన రేడియో ఉంది. మంటపం ఒక్కసారిగా ఊపిరి పీల్చింది.

"ఇది ఇక వైలోటు సొత్తు," అంది కెలేరా, కళ్లు దించుకుని.

ఊరి పెద్ద తరఫు మనిషి అరచేతులు గుల్లగా చేసి చప్పట్లు కొట్టి కానుకని స్వీకరించాడు. దాంతో అది ఊరిదైపోయింది.

"మూడింటికి మ్యాచ్ మొదలు," అన్నాడు డ్రేజ్ నవ్వుతూ. "సరిగ్గా మూడింటికి పెద్దాయన చేత్తోనే ఆన్ చేయించండి. వెనక వైపు కొండకేసి ఉంచండి. సిగ్నల్ బాగా వస్తుంది."

సేరా అత్తయ్య రేడియోని ఒంటిచేత్తో ఎత్తి వైసాలే ముందు నుంచి తీసుకెళ్లింది. "ఇంత పెద్దది, దూదిలా ఉందమ్మా!" అంది మురిసిపోతూ. మూల నుంచి రెండు నీటిచుక్కలు రాలి వైసాలే మోకాలి మీద పడ్డాయి. రేడియో వెనకనున్న చిన్న తలుపు సందులోంచి నూగు నూగుగా ఉన్న చిగురొకటి, మెలితిరిగి, బయటికి చూస్తోంది.

రేడియోకి చెమట పట్టదు. రేడియో ఆకులు తినదు. ఆకుల మీద తామర పురుగులుంటాయి. పురుగుల్ని తినేవాటికి దారిలో ఆకలేస్తుంది మరి. కోస్టర్ శాపం ఆకుని వైసాలే నిద్రలో తడిమినా గుర్తుపడతాడు.

ఎంత నీచమైన ఎత్తు! నల్లుల్ని డ్రేజ్ వదలడు. మ్యాచ్ కోసం మొహం వాచిన ఊరు, తన పెద్దాయన చేత్తోనే, తన లోయ మీదకి వాటిని వదులుకుంటుంది. స్విచ్ తిప్పగానే స్ప్రింగు వెనక తలుపు తెరుస్తుంది. రేపు ఎవరైనా అడిగితే, తెరిచింది మీరే కదా అంటాడు.

విసనకర్ర వచ్చి అతని డొక్కలో ఆనింది. దాని పిడి ఉక్కులా గట్టిగా ఉంది.

"ఓడెక్కావు కదా?" అంది కెలేరా గుసగుసగా, పక్కన కూర్చుంటూ.

"దిగాను."

"ఆ గడ్డం చూస్తే జాలేస్తోంది. ఇది చిన్న పిస్తోలే కానీ, చాలు. అయినా కాల్చక్కర్లేదులే. ఏం చేస్తావు? అతిథి ఇచ్చిన కానుకలో పురుగులున్నాయని పెద్దాయన ముఖం మీదే అంటావా? లావు దీవుల నుంచి వచ్చిన పరాయివాడివి, గుమ్మం దగ్గరివాడివి. నోరెత్తావంటే వీళ్లే బయటికి విసిరేస్తారు."

"నీ పురుగులు కదా అవి. ఇన్నేళ్లు పెంచావు."

"పురుగుల్ని పెంచితే పురుగు బతుకే మిగుల్తుంది. డ్రేజ్ నాకు సొంత లాబొరేటరీ ఇస్తానన్నాడు, సముద్రం కనిపించే కిటికీతో."

"ఈ ఊరివాళ్లకి?"

"మందు చల్లుకుంటారు."

ఆమెని చూస్తే వైసాలేకి కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా అవతల మనిషికి కాస్త బరువుండాలి.

రాతు ఎపెలీ గడియారం చూశాడు. రేడియో వెనక భాగం తెరిచిన తలుపులోంచి కొండకేసి ఉంది. మంటపమంతా మోకాళ్ల మీదకి లేచింది. ముసలాయన వేళ్లు స్విచ్ మీద ఆనాయి.

వైసాలే లేచి నిలబడ్డాడు.

ఊరి పెద్ద కూర్చుని ఉండగా నిలబడడమే తప్పు. అతను చాపల నడిమధ్య నుంచి, యంగోనా గిన్నె పక్క నుంచి, నిటారుగా నడిచాడు. కెలేరా కాల్చలేదు. ఆ సభలో తూటా పేలిస్తే లోయలోంచి ప్రాణాలతో బయటపడదని ఆమెకి తెలుసు. అతను గడ్డం పీకి పారేసి, రేడియో మీద అరచెయ్యి వేశాడు.

"ఇది నాది."

తెవిటా మామయ్య కళ్లు మూసుకున్నాడు. "ఓరి దేవుడా," అన్నాడు సన్నగా, "పందితో పోలేదు."

రాతు ఎపెలీ స్విచ్ మీద నుంచి వేళ్లు తీశాడు. ఒక్కో వేలూ విడివిడిగా, కష్టంగా తీశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వసు చెయ్యి వేశాక చేసేదేమీ లేదు.

"మ్యాచ్ అయ్యాక తీసుకోరాదట్రా, నాయనా?"

"ఇప్పుడే కావాలి తాతా."

"పట్టుకుపో."

"ఏయ్, ఏం జరుగుతోంది?" డ్రేజ్ అరిచాడు. "ఎవడు వాడు? అది ఊరికిచ్చిన కానుక!"

"అవును, ఊరిదే," అన్నాడు రాతు ఎపెలీ విసుగ్గా. "ఊరిది కాబట్టే వాడిది. నువ్వే దాచుకుని ఉంటే వాడికి హక్కుండేది కాదు."

డ్రేజ్ ఒక్క దూకు దూకాడు. పెద్దాయన తల మీదుగా చెయ్యి చాచి స్విచ్ అందుకుని తిప్పేశాడు. అలా చాచడంలో అతని మోచెయ్యి పెద్దాయన తలకి తగిలింది.

అంతవరకు మ్యాచ్ పోయిందని ఏడుస్తున్న ఊరు ఒక్కసారిగా ఏడుపు మానేసింది. పెద్దాయన తలని తాకడమంటే ఊరిని తన్నడమే. చర్చి రగ్బీ జట్టులో ముందు వరస ఆడే ముగ్గురు లేచారు. వాళ్లని చూస్తే బీరువాలకి కాళ్లొచ్చినట్టుంటుంది. డ్రేజ్ మళ్లీ కనిపించలేదు. వాళ్ల కింద ఎక్కడో ఉన్నాడని రుమాలుని బట్టి తెలిసింది.

రేడియోలో స్ప్రింగు గిర్రున తిరగడం మొదలైంది. వెనక తలుపు వెంట్రుకవాసి విచ్చింది. ఆ సందులో నల్లగా, మెరుస్తూ, ఏదో కదిలింది. వైసాలే పెట్టెని గుండెకి అదుముకుని, తలుపుని అరచేత్తో నొక్కిపట్టి బయటికి పరుగెత్తాడు. స్ప్రింగు అతని వేళ్లని వెనక్కి తోస్తోంది. బయట విందు కోసం తవ్విన లోవో గుంటలో రాళ్లు ఎర్రగా కాలి ఉన్నాయి. పక్కన ఆకుల్లో చుట్టిన చేమదుంపలు, పంది మాంసం వరసగా సిద్ధంగా ఉన్నాయి.

"ఒరే, ఆ గుంట నాది!" అని సేరా అత్తయ్య కేక పెట్టింది.

"అది కూడా నాదే అత్తా!"

వేళ్లు జారాయి. తలుపు ఫట్టున తెరుచుకుంది. తెరుచుకునేసరికి పెట్టె గాల్లో ఉంది, మరుక్షణం రాళ్ల మీద ఉంది. తడి అరిటాకులు, గోనెలు, మట్టి, ఏది అందితే అది పైన పడేశాడు. లోపల చిటపటమంది, తర్వాత ఏ చప్పుడూ లేదు. ఒక్క నల్లి అతని కోటు చేతి మీద పాకుతూ కనిపించింది. దాన్ని గోటితో నొక్కి, కోటుని కూడా గుంటలో తోశాడు.

వెనక్కి తిరిగేసరికి కెలేరాని సేరా అత్తయ్య జుట్టు పట్టుకుని తెస్తోంది. విసనకర్ర అత్తయ్య నడుముకి దోపి ఉంది, అందులో ఏముందో ఆవిడకి తెలియదు.

"మీది లావు దీవులన్నావు," అంది కెలేరా పళ్లు కొరుకుతూ.

"మా నాన్న ఊరు అడిగావు, చెప్పాను. అమ్మ ఊరు నువ్వడగలేదు. ఇక్కడే పుట్టి, ఆ మాత్రం అడగాలని తెలియకపోతే ఎన్ని పట్టాలుంటే ఏం లాభం?"

మందారం ఏ చెవినా లేదు.

ఆ సాయంత్రం వైసాలే మామయ్యని తీసుకుని కొండ ఎక్కాడు. అడవి అంచున గిడసబారిన పొదల మీద మెలితిరిగిన చిగుళ్లని ఒక్కొక్కటే విప్పి చూశాడు. సన్నటి నల్లదారాలు నింపాదిగా మేస్తున్నాయి. కింద చేమ తోటలు తడిగా, పచ్చగా ఉన్నాయి. నల్లి ఎక్కడా లేదు. అమ్మమ్మ చేతులు గుర్తొచ్చి, విప్పిన చిగుళ్లని అతను మళ్లీ పదిలంగా ముడిచిపెట్టాడు. మామయ్య మాత్రం సూవా దిక్కుకే చూస్తూ కూర్చున్నాడు.

ఖైదీల కోసం పోలీసు పడవ మర్నాటి ఉదయం వచ్చింది. ఊరంతా ఒడ్డున నిలబడింది. కానిస్టేబుల్ ఇంకా పడవలో ఉండగానే, చేతులు రెండూ పైకెత్తి, గొంతు పోయేలా అరిచాడు. "గెలిచాం! ఆఖరి నిమిషంలో, మన గోల్ గీత దగ్గర్నుంచి మైదానమంతా పరుగెత్తి గెలిచాం! సూవాలో జనం చెట్లెక్కి ఏడ్చారు! మీరూ విన్నారు కదా?"

ఊరంతా నెమ్మదిగా తిరిగి వైసాలే వైపు చూసింది. తెవిటా మామయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, బరువుగా నిట్టూర్చాడు.

"చూడు అల్లుడూ, నల్లులు మరీ అంత చెడ్డవేం కాదేమోరా."